రఫ్తార్ మీద హుకుం ఎవరిది?

రైలు గేములాడే పిల్లలకి ఒక సంగతి బాగా తెలుసు. తాము నడిపేది ఒక్క రైలే. పట్టాల మీద తిరిగే మిగతావన్నీ కంప్యూటర్ నడిపేవే. ఆ రైళ్ల రఫ్తార్‌ని తగ్గించే ఇంతిజాం 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్‌లోనే ఉంది. సర్వీసు తయారు చేసేటప్పుడు 'ఎఫిషియెన్సీ' శాతం దించితే రైలు నెమ్మదిస్తుంది. ఎర్ర సిగ్నల్ పడితే దానంతటదే ఆగుతుంది.

అది ఆట. మరి మన పలాస పాసింజర్ సంగతేంటి?

2023 అక్టోబర్ 29, ఆదివారం సాయంత్రం. విశాఖ నుంచి పలాస వస్తున్న పాసింజర్‌ని విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండ మధ్య రాయగడ పాసింజర్ వెనక నుంచి గుద్దింది. 14 మంది జాన్ పోయింది. ఆటోమేటిక్ సిగ్నల్ పాడైతే రాత్రిపూట రెండు నిమిషాలు ఆగాలి, ఆ తర్వాత గంటకి 10 కిలోమీటర్లు మించకుండా కదలాలి. ఇదీ ఉసూల్. రాయగడ రైలు రెండు సిగ్నళ్ల దగ్గర దీన్ని పాటించలేదని ప్రాథమిక విచారణలో తేల్చారు. కసూరంతా లోకో పైలట్ మీదికే వెళ్లింది. ఆయన ఆ ప్రమాదంలోనే మర్హూం అయ్యాడు. జవాబు చెప్పుకోవడానికి లేడు.

2024 మార్చిలో సాక్షాత్తూ రైల్వే మంత్రి ఇంకో ఇల్జాం వేశారు. లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ ఫోన్లో క్రికెట్ చూస్తూ పరాకుపడ్డారని. సరే, ఒక్క నిమిషం అదే నిజమనుకుందాం. మనిషన్నాక పరాకుపడతాడు, అలిసిపోతాడు, కునుకు తీస్తాడు. అతని ఒక్క చూపు తప్పితే వందల మంది జిందగీ గాలిలో కలిసిపోయేలా ఇంతిజాం పెట్టుకున్నది ఎవరు? మంత్రిగారి మాట నిజమైన కొద్దీ జిమ్మేదారీ రైల్వేదే అవుతుంది తప్ప తగ్గదు.

ఎందుకంటే దీనికి ఇలాజ్ అప్పటికే ఉంది. దాని పేరు కవచ్. పట్టాల మధ్య ట్యాగులు, దారి పొడుగునా రేడియో టవర్లు, ఇంజన్లో ఒక కంప్యూటర్. డ్రైవర్ ఎర్ర సిగ్నల్ దాటబోయినా, హద్దుకి మించి పరిగెత్తినా ముందు ఖబర్దార్ అంటుంది. వినకపోతే తానే బ్రేకు వేస్తుంది. 2022 మార్చి 4న దక్షిణ మధ్య రైల్వేలో ఇదే మంత్రి ఇంజన్‌లో కూర్చుని పరీక్షించారు. ఎదురుగా ఉన్న ఇంజన్‌కి 380 మీటర్ల దూరంలో రైలు దానంతటదే ఆగింది. దీన్ని తయారు చేసే మేధా, కెర్నెక్స్, హెచ్‌బీఎల్ మన హైదరాబాద్ కంపెనీలే. 2023 నాటికి దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల మేర బిగించారు. కంటకాపల్లి దగ్గర మాత్రం ఆ రోజు అది లేదు.

ఆ తర్వాతి వంతు ఎవరికిచ్చారు? ఢిల్లీ–ముంబై, ఢిల్లీ–హౌరా లైన్లకి. అక్కడ రైళ్లు ఎక్కువ, వేగం ఎక్కువ అంటారు. ఆ దలీల్‌ని నేను కొట్టిపారెయ్యను. కానీ వేగంగా పోయే రైలుకే ఖతరా అనుకోవడం గలత్. కంటకాపల్లి దగ్గర గుద్దుకున్నవి రెండూ పాసింజర్లే. రెండిట్లోనూ ఉన్నది గరీబు ముసాఫిర్లే.

పలాస, పూండి, నౌపడా స్టేషన్లలో ఒక పూట నిలబడి చూడండి, ఎవరెక్కుతున్నారో. ఉద్దానం నుంచి కిడ్నీ జబ్బుతో విశాఖ కేజీహెచ్‌కి పోయే మరీజులు. జీడితోట తిండి పెట్టక మద్రాసుకో ఇంకెక్కడికో మజ్దూరీకి బయల్దేరిన కుర్రాళ్లు. టెక్కలి నుంచి నౌపడాకొచ్చి రైలు పట్టుకునే చిన్న వ్యాపారులు. వీళ్లకి బస్సు చార్జీ భారం. పాసింజరే గతి. 'నా రైల్లో కవచ్ ఉందా' అని అడిగి టికెట్ కొనుక్కునే హైసియత్ వీళ్లకి లేదు.

కాబట్టి మన ఎంపీలు, ఎమ్మెల్యేలు కొత్త రైలుకి జెండా ఊపే ముందు ఒక సవాల్ వెయ్యాలి. పలాస–విశాఖ మధ్య నడిచే ప్రతి ఇంజన్లో, ప్రతి సిగ్నల్ దగ్గర కవచ్ ఏ తారీఖుకల్లా పనిచేస్తుంది? ఆ తారీఖు ప్రతి స్టేషన్ గోడ మీదా తెలుగులో రాయించాలి. అది దాటితే ఎవరు జవాబుదారో, ఆ అధికారి హోదా కూడా దాని కిందే రాయించాలి.