ఖర్చుకే రాయితీయా?

2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో 13 ప్రకారం, హీరో, హీరోయిన్, దర్శకుల పారితోషికం కాక 100 కోట్లు దాటి ఖర్చుపెట్టిన సినిమాకు పది రోజులు టిక్కెట్టు ధర పెంచుకోవచ్చు. 20 కోట్ల లోపు చిన్న సినిమాకు రోజుకో ఆట. ఈ రెంటి నడుమ మిగిలిన మధ్యస్థ బడ్జెట్ కథాచిత్రానికి ఏ రాయితీ లేదు!

పెంచిన ధర కట్టేది విజయవాడ, గుడివాడ, తెనాలి ప్రేక్షకులు. అందులో మన కూలి డబ్బూ ఉంది. రాష్ట్రంలో 20 శాతం షూటింగ్ జరగాలని షరతు పెట్టినవారికి, ఆ షూటింగుల్లో పనిచేసే స్త్రీల కూలి, భద్రత షరతుగా తోచలేదు. పదిమంది పనిచేసే చోట లైంగిక వేధింపులపై ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఆ కమిటీ, సమాన వేతనం లేని చిత్రానికి రూపాయి కూడా పెంచకూడదని డిమాండ్ చేద్దాం!