రిమోట్ మంచిదే, లోపలి సెల్‌తోనే జాగ్రత్త!

ఆరోగ్య శీర్షికలో టీవీ రిమోట్ ప్రస్తావన ఏమిటని ఆశ్చర్యపోకండి. 1956లో అమెరికాలో జెనిత్ కంపెనీ తెచ్చిన 'స్పేస్ కమాండ్' రిమోట్‌లో సెల్లే లేదు. బటన్ నొక్కితే చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొట్టేది. ఆ ధ్వనిని టీవీ గ్రహించేది. తరువాత పెన్సిల్ సెల్లు, అంకెల బటన్లు వచ్చాయి. ఉబ్బెత్తు బటన్లను తడిమి, చూడకుండానే నొక్కేవారు. నేటి సన్నని రిమోట్లలో చాలావాటికి అంకెలు లేవు. శుక్లాలు, చేతివణుకు ఉన్న పెద్దలకిది కష్టం. విసుక్కోకండి. పెద్ద బటన్లున్న రిమోట్ కొనివ్వండి.

అసలు ప్రమాదం పసివాళ్ళకు. కొన్ని పలచని రిమోట్లలో నాణెంలాంటి లిథియం సెల్ ఉంటుంది. పిల్లలు మింగితే అన్నవాహికలో ఇరుక్కుని, రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలుస్తుంది. వాడేసిన సెల్ కూడా ప్రమాదకరమే. చొంగ కారడం, దగ్గు, మింగలేకపోవడం కనిపించవచ్చు. ఒక్కోసారి ఏ లక్షణమూ ఉండదు. అనుమానం కలిగితే చాలు, వెంటనే ఎక్స్‌రే సౌకర్యమున్న పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి. వాంతి చేయించకండి, ఆహారం పెట్టకండి. ఏడాది నిండిన బిడ్డ మింగి 12 గంటలు దాటకపోతే, దారిలో 10 నిమిషాలకోసారి రెండు టీ చెంచాల తేనె ఇవ్వవచ్చు. ఆరుసార్లకు మించకూడదు. ఏడాదిలోపు పిల్లలకు తేనె కూడదు. తేనె కోసం ప్రయాణం ఆపకండి.

ఈ రోజే మీ రిమోట్ వెనుక మూత చూడండి. స్క్రూ లేకపోతే గట్టి టేపు చుట్టండి. తీసేసిన సెల్‌కు రెండువైపులా టేపు అంటించి, పిల్లలకందకుండా పారవేయండి.