కూలికి కుట్టు సోదరీమణుల హక్కులు



ఇంటనే కూర్చుండి దుకాణములకు రవికెలు కుట్టియు, బీడీలు చుట్టియు సంసారము గడపుకొను స్త్రీలు మనలో ననేకులు కలరు. వారు సెలవుగాని, ప్రావిడెంటు ఫండుగాని యడిగినపుడు పలువురు యజమాను లిచ్చు ప్రత్యుత్తర మిది: "మీరు మా పనివారు కారు, చేసినదాని కింత యని పుచ్చుకొను స్వతంత్రులు." ఈ మాటను పరీక్షింపక యొప్పుకొనరాదు. ఏలయన, పనివారికి కనీసవేతనము, సెలవులు మున్నగు రక్షణలను చట్టమే కల్పించినది. స్వతంత్రముగా పని నొప్పుకొనువారికి తమ యొడంబడికయే దిక్కు.

విరాటపర్వము నెఱిగినవారికి సైరంధ్రి జ్ఞాపకముండును. పరుల యింట నున్నను తన వశమున నుండు శిల్పకారిణి యని అమరకోశ మా పదమున కర్థము చెప్పినది. అయినను, కీచకుని యింటికి పోయి మద్యము తెమ్మని సుదేష్ణ పంపినపుడు, ద్రౌపది యెంత వేడుకొన్నను పోక తప్పలేదు. పేరు స్వతంత్రము, పని పరతంత్రము. న్యాయస్థానములును పేరు నటుంచి పనినే విచారించును.

1973లో సుప్రీంకోర్టు తీర్చిన యొక వ్యాజ్యము మన తెలుగునాటిదే. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ మున్నగు దుకాణముల దర్జీలు కుట్టినదానికే కూలి పుచ్చుకొనెడివారు. రాని దినమున సెలవు కోర నక్కరలేదు. కొన్ని వేళల గుడ్డ నింటికి గొనిపోయి కుట్టుటయు కలదు. కావున వారు తమ పనివారు కారని దుకాణదారులు వాదించిరి. కాని కుట్టుమిషన్లు యజమానులవి. ఎట్లు కుట్టవలయునో చెప్పువారు వారే. నచ్చనిచో త్రిప్పి మరల కుట్టించువారును వారే. అందుచేత దర్జీలు పనివారే యని కోర్టు తీర్పు చెప్పెను.

1985లో బీడీల విషయమునను అట్లే జరిగెను. యజమాని యిచ్చిన ఆకును, పొగాకును ఇంటికి గొనిపోయి చుట్టువారికిని ప్రావిడెంటు ఫండు చెల్లునని సుప్రీంకోర్టు నిర్ణయించినది. బాగుండని బీడీలను త్రోసివేయు నధికారమే యజమాని పెత్తనమునకు గుర్తనియు, పని యింట జరిగినంత మాత్రమున నది పోదనియు చెప్పినది.

2025 నవంబరు 21 నుండి నాలుగు క్రొత్త కార్మికస్మృతులు అమలునకు వచ్చి, పెక్కు పాత చట్టముల స్థానమును గైకొన్నవి. అయినను "పనివా రెవరు?" అను ప్రశ్న తొలగిపోలేదు.

కనుక మిమ్ము మీరే యడుగుకొనుడు: సరుకెవరిది? ధర నిర్ణయించున దెవరు? పనిని త్రిప్పు నధికార మెవరిది? మీ యిష్టమున సహాయకురాలిని పెట్టుకొనవచ్చునా? వీనిలో నే యొక్కటియు తానొక్కతెయే నిర్ణయింపదు. అన్నిటిని కలిపి చూడవలయును. సొంత మిషనుపై, తాను చెప్పిన ధరకు, పలువురికి కుట్టి యిచ్చునామె నిజముగా స్వతంత్రురాలే. ఒప్పుకొన్న సొమ్ము రానిచో 1872 నాటి కాంట్రాక్టు చట్ట మామెకు ఆధారము.

ఎవరైనను ఒక చిన్న పుస్తకము నుంచుకొనుడు. సరుకు తెచ్చిన తేదీ, ఇచ్చిన లెక్క, త్రిప్పిన లెక్క, చేతికి వచ్చిన సొమ్ము అందు వ్రాసి, వీలైనచో సంతకము చేయించుడు. చదువని కాగితముపై వేలిముద్ర వేయకుడు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు గదా! 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము, ఆదాయముతో నిమిత్తము లేక స్త్రీలందరును ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోయి యడుగుటకు సంకోచింపకుడు.