పిలిచినవాడు మాట తప్పడు



కుటుంబ ప్రార్థన ముగిసి పిల్లలు నిద్రపోయిన తరువాత మన ఇళ్లలో కొన్ని ప్రశ్నలు పైకి వస్తాయి. నలుగురిలో అడగడానికి జంకే ప్రశ్నలవి. వాటిలో ఒకటి ఇది: “దేవుడు కొందరిని ముందుగానే ఏర్పరచుకున్నాడంటారు గదా! మరి గుడికి రావడమే మానివేసిన మా అబ్బాయి ఆ ఏర్పాటులో లేనట్టేనా?” ఇలా అడిగే తల్లికి వేదాంత చర్చ అక్కరలేదు. కంటికి కునుకు లేక అడుగుతున్నది ఆమె.

ఇదే సిద్ధాంతమును చెప్పుకొని ఛాతీ విరుచుకొనేవారూ మనలో ఉన్నారు. “మాది నాలుగు తరాల క్రైస్తవ కుటుంబము, మా తాతగారు పాదిరిగారు” అంటారు. ఒకరికి భయము, మరొకరికి అతిశయము. ఇద్దరూ చూస్తున్నది మాత్రము ఏర్పరచబడిన మనిషి వైపే. ఏర్పరచుకున్న దేవుని వైపు చూడమని లేఖనము మనలను పిలుస్తుంది.

అబ్రాహాము సంగతి ఆలోచించండి. హారాను విడిచినప్పుడు అతనికి 75 ఏండ్లు. ఇస్సాకు పుట్టినప్పుడు 100 ఏండ్లు. మధ్యలో 25 సంవత్సరాల ఎదురుచూపు. ఆ కాలములో అతడు మచ్చలేనివాడుగా ఏమీ లేడు. ఐగుప్తులో ప్రాణభయముతో భార్యను చెల్లెలని చెప్పాడు. హాగరు విషయములో తొందరపడ్డాడు. అయినా వాగ్దానము నిలిచింది. అది ఎవరి మీద ఆధారపడి నిలిచిందో ఆదికాండము 15వ అధ్యాయము చూపిస్తుంది.

ఆ కాలములో నిబంధన చేసుకొనేవారు పశువును రెండుగా ఖండించి, ఆ ఖండముల మధ్య నడిచేవారు. మాట తప్పినవాడికి అదే గతి అని దాని భావము. యిర్మీయా 34:18-20లో ఈ ఆచారము కనిపిస్తుంది. కాని ఆ రాత్రి అబ్రాము గాఢనిద్రలో ఉన్నాడు. పొగలు గ్రక్కే పొయ్యి, మండే దివిటీ మాత్రమే ఆ ఖండముల మధ్యగా దాటిపోయాయి. అవి దేవుని సన్నిధికి గురుతులు. అంటే నడవవలసిన ఇద్దరిలో దేవుడు ఒక్కడే నడిచాడు. మాట నిలుపుకొనే భారమంతా తన మీదనే వేసుకున్నాడు.

ఇశ్రాయేలీయుల విషయములోను ఇంతే. వారు గొప్ప జనమని దేవుడు వారిని కోరుకోలేదు. అన్ని జనములలో వారే కొద్దిమంది. తన ప్రేమను బట్టి, పితరులతో చేసిన ప్రమాణమును బట్టి వారిని విడిపించానని ఆయనే చెప్పాడు (ద్వితీ. 7:7-8). పైగా అబ్రాహామును పిలిచిన నాడే, అతని ద్వారా భూమి మీది వంశములన్నిటికీ ఆశీర్వాదము కలుగునని చెప్పాడు (ఆది. 12:3). ఒక ఇంటిని ఎన్నుకున్నది అన్ని ఇండ్ల కోసము.

రోమా పత్రిక 8వ అధ్యాయము చివర పౌలు దేవుని ప్రేమనుండి మనలను ఏదీ విడదీయలేదని ధైర్యముగా చెబుతాడు. వెంటనే 9వ అధ్యాయములో కన్నీళ్లు కనబడతాయి. తన స్వజనులైన యూదులలో ఎక్కువమంది క్రీస్తును అంగీకరించలేదు. మరి దేవుని మాట వమ్మయినట్లేనా? ఈ ప్రశ్న యూదులకు మాత్రమే సంబంధించినది కాదు. ఇంటిపెద్ద పెద్దకొడుకుకు ఇచ్చిన మాట తప్పితే, చిన్నకొడుకు తనకిచ్చిన మాటను ఏ ధైర్యముతో నమ్ముకుంటాడు? ఇశ్రాయేలుకు ఇచ్చిన మాట వ్యర్థమైతే 8వ అధ్యాయములో మనకున్న ధైర్యము కూడ ఆవిరైపోతుంది.

అందుకే పౌలు మూడు అధ్యాయాలు తీసుకొని జవాబు చెప్పాడు. తానే ఒక సాక్ష్యమన్నాడు. బెన్యామీను గోత్రికుడు, సంఘమును హింసించినవాడు, అతనిని దేవుడు విడిచిపెట్టలేదు. ఏలీయా తానొక్కడినే మిగిలానని ఏడ్చినప్పుడు దేవుడు 7,000 మందిని మిగుల్చుకున్న సంగతి జ్ఞాపకము చేశాడు. అడవి ఒలీవ కొమ్మలుగా ఉండి మంచి ఒలీవ చెట్టుకు అంటుకట్టబడిన అన్యజనులు, విరిగిన కొమ్మలను చూచి అతిశయపడకూడదని హెచ్చరించాడు. ఐరోపాలో శతాబ్దాల తరబడి క్రైస్తవులమని చెప్పుకున్నవారు యూదులను హింసించినది ఈ హెచ్చరికను పెడచెవిని పెట్టియే. దేవుడు తానిచ్చిన వరముల విషయములోను, పిలుపు విషయములోను మనసు మార్చుకొనేవాడు కాడన్నదే పౌలు జవాబు సారాంశము (రోమా 11:29).

అంటుకట్టబడిన ఆ కొమ్మలలో మన తెలుగు సంఘము ఒకటి. 1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో పని మొదలుపెట్టారు. ఆ సంవత్సరమే మాదిగ కులమునకు చెందిన యెర్రగుంట్ల పేరయ్యగారు బాప్తిస్మము పొంది, తన వారి మధ్య సువార్త చెప్పసాగారు. మాదిగలను చేర్చుకుంటే తాము దగ్గరకు రామని పై కులాలవారు తేల్చి చెప్పారు. దొరగారు ఎటూ తోచక ఒక గదిలో బైబిలు తెరిచారు. వేరొక గదిలో దొరసానిగారూ తెరిచారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇద్దరికీ కనబడినది ఒకే భాగము, 1 కొరింథీ 1:26-29. లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనడమును గూర్చిన మాటలవి. ఈ సంగతిని క్లౌ తన ఆత్మకథలో వ్రాసుకున్నారు. అది ఆయన మరణము తరువాత 1914లో వెలువడింది.

1876-78 కరవులో ఆయన బకింగ్‌హాము కాలువ పనిలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించారు. తిండి కోసము మతములో చేరారన్న మాట రాకూడదని ఆ రోజులలో బాప్తిస్మములు ఆపివేశారు. చివరకు 1878 జూలై 3న వెలంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు. అబ్రాహాముకు ఇచ్చిన మాట గుండ్లకమ్మ గట్టు వరకు నడిచి వచ్చింది!

అటువంటి సంఘములో ఈనాటికీ పెండ్లి సంబంధము దగ్గర ముందుగా కులము అడుగుతున్నాము. కొన్నిచోట్ల సమాధుల దొడ్డిలో కూడ గీతలు గీస్తున్నాము. లోకము వెలివేసినవారిని చేరదీసిన కృపవలన బ్రదికే మనము మరల వెలివేతకు దిగితే, మన నోటితో ‘ఏర్పాటు’ అనే మాట పలకడానికి అర్హత ఎక్కడిది?

ఈ సిద్ధాంతమును గూర్చి భక్తులు వాదించుకొనక మానలేదు. 18వ శతాబ్దములో వెస్లీ, విట్‌ఫీల్డ్ ఈ విషయముననే విభేదించారు. అయినా 1770లో విట్‌ఫీల్డ్ మరణించినప్పుడు జ్ఞాపకార్థ ప్రసంగము చేసినది వెస్లీయే. రక్షణకు ఆరంభము దేవుని కృపయే అన్న చోట ఇద్దరూ ఒక్కటే.

ఇక ఆ తల్లి ప్రశ్నకు వద్దాము. అమ్మా, మీ అబ్బాయి పేరు ఏ జాబితాలో ఉన్నదో చూచి చెప్పే అధికారము పాదిరిగారికి లేదు, మాకూ లేదు. కాని ఒక సంగతి గమనించండి. దేవుని ఏర్పాటును గూర్చి అంత గట్టిగా 9వ అధ్యాయము వ్రాసిన పౌలు, 10వ అధ్యాయము మొదటి వచనములోనే తన వారి రక్షణ కోసము ప్రార్థిస్తున్నానని చెప్పాడు. అంతా ముందే నిర్ణయమైపోయింది గనుక ప్రార్థన దేనికని అతడు అనుకోలేదు. విరిగిన కొమ్మలను సయితము దేవుడు మరల అంటుకట్టగలడని వ్రాశాడు (11:23). 25 ఏండ్ల ఎదురుచూపులో అబ్రాహాము తడబడినా దేవుడు తడబడలేదు. మీ అబ్బాయి కోసము ప్రార్థించడము మానకండి. అతడు ఇంటికి వచ్చినప్పుడు దెప్పిపొడవకుండా అన్నము పెట్టండి.

ఈ నెలలో మూడు సాయంత్రములు కుటుంబ ప్రార్థనలో రోమా 9, 10, 11 అధ్యాయములను వరుసగా చదవండి. చదివిన తరువాత మీ ఇంటికి దూరమైన ఒకరి పేరు చెప్పి ప్రార్థించండి. మీ కులము కాని ఒక కుటుంబమును ఒక పూట భోజనానికి పిలవండి. మాట తప్పని దేవుడు మీ ఇంటికి తోడైయుండును గాక.