అన్నీ బాతులేనా?

బాపట్ల: మన డెల్టాలో పుట్టి పెరిగినవారికి నీళ్ళూ, నీటిపక్షులూ కొత్త కాదు. కొమ్మమూరు కాలువ గట్టున నడిచినా, నల్లమడ వాగు దాటినా, నిజాంపట్నం దారిలో రొయ్యల చెరువుల పక్కగా పోయినా ఏదో ఒక పిట్ట కనిపిస్తూనే ఉంటుంది. కాని అదేమి పిట్ట అని పిల్లవాడు అడిగితే మనలో చాలామంది చెప్పే జవాబులు రెండే. నీళ్ళలో ఈదితే బాతు, ఒడ్డున నిలబడితే కొంగ. నిన్నమొన్నటివరకూ ఈ విలేఖరి జవాబూ అదే. ఆ తెలియనితనం వల్ల జరిగిన తప్పు ఒకటి చెప్పుకోక తప్పదు.

రెండేళ్ళ క్రితం సంక్రాంతికి ముందు ఒక వారపు సంతలో బాతుల జత అంటే కొన్నాను. ఎర్రగా, చిన్నగా, ముద్దుగా ఉన్నాయి. పెంపుడువేనా అని అడిగితే, ‘‘ఇంట్లో పొదిగించినవే’’ అన్నాడు అమ్మేవాడు. పెరట్లో తొట్టి పెట్టి వదిలాను. గింజలు ముట్టవు, మనిషి అలికిడి అయితే మూలకు పోయి నక్కుతాయి. నాలుగో రోజున ఒకటి చచ్చిపోయింది.

అప్పటికి వరికోతలై, మాగాణిలో రాలిన గింజలు మేపడానికి నెల్లూరు వైపునుంచి బాతుల మంద ఒకటి మా ఊరి పొలాల్లో దిగి ఉన్నది. మంద కాసే పెద్దాయనను బతిమాలి ఇంటికి తీసుకువచ్చాను. మిగిలిన పిట్టను చేతిలోకి తీసుకుని, రెక్క విప్పి చూపించాడు. ఈకలు కత్తెరతో సగానికి కోసి ఉన్నాయి.

‘‘బాబూ, ఇది పెంపుడిది కాదు. చిలువ. రాత్రిపూట వల వేసి పట్టి, రెక్కలు కోసి నీకు అంటగట్టారు’’ అన్నాడు.

మర్నాడు దానిని అటవీశాఖవారికి అప్పగించాను. కొన్నందుకు నా తప్పూ ఉన్నదని ఒప్పుకున్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిపక్షిని పట్టడమూ, అమ్మడమూ, కొనడమూ నేరమే. జైలు, జరిమానా రెండూ పడవచ్చు. తెలియక చేశాననడం చట్టం ముందు సమాధానం కాదు. చచ్చిపోయిన పిట్ట ముందు అసలే కాదు.

పెంపుడుదేది, అడవిదేది?

ఆ పెద్దాయన దగ్గరే నా చదువు మొదలైంది. ఆయన మంద వెనుక నాలుగు రోజులు తిరిగాను. పెంపుడు బాతు ఒళ్ళు బరువు. తరిమితే రెక్కలు కొట్టుకుంటూ పరుగెత్తుతుందే తప్ప ఆకాశాన పోలేదు. మగదాని తోక మీద రెండుమూడు ఈకలు పైకి మెలి తిరిగి ఉంటాయి. మన ఊళ్ళలో గుడ్లకోసం పెంచే ఖాకీ క్యాంప్‌బెల్ ఇంగ్లండులో తయారైన జాతి. మేపు బాగుంటే ఏడాదికి 300 గుడ్ల వరకూ పెడుతుంది కాని పొదగడం దాదాపు మరచిపోయింది. బాతుగుడ్లను కోడి కింద పెట్టే అలవాటు అందుకే వచ్చింది. ముఖం మీద ఎర్రటి కాయలు ఉండే మస్కోవీ బాతు దక్షిణ అమెరికా ఖండం వైపుది. మామూలు బాతు గుడ్డు 28 రోజులకు పిల్ల అయితే, దీని గుడ్డుకు 35 రోజులు పడుతుంది.

చిలువ సంగతి వేరు. అది ఏడాది పొడుగునా మనతోనే ఉండే అడవిబాతు. చెట్టు తొర్రల్లో కూడా గూడు పెడుతుంది. పగలు గుంపుగా నీటిమీద కునుకుతూ, చీకటి పడ్డాక వరిమళ్ళకు వస్తుంది. ఎగిరేటప్పుడు సన్నగా ఈల వేస్తుంది. రాత్రిపూట పొలంలో కాపలా పడుకున్న రైతులందరూ ఆ ఈల విన్నవారే. పేరు మాత్రం కొందరికే తెలుసు.

చలికాలంలో వచ్చే చుట్టాలు వేరు. సూదిలాంటి తోక, పొడుగు మెడ ఉంటే సూదితోక బాతు. ముక్కు కొన పారలా వెడల్పుగా ఉంటే పారముక్కు బాతు. ఇవి ఉత్తర ఆసియాలో పిల్లలను చేసుకుని, అక్కడ నీళ్ళు గడ్డకట్టేవేళకు దక్షిణానికి వస్తాయి. తెల్లని తల మీద రెండు నల్లచారలుండే పెద్దబాతు టిబెట్టు, మంగోలియాల నుంచి హిమాలయాలు దాటి మన దేశానికి వస్తుంది.

నీళ్ళలో ఈదినదల్లా బాతు కాదు. ఒళ్ళంతా నలుపు, ముక్కూ నుదురూ తెలుపు అయితే బొల్లికోడి. పిడికెడంత ఉండి, చూస్తుండగానే బుడుంగున మునిగి మరోచోట తేలేది బుడుబుంగ. చేపకోసం మునిగి, బయటికి వచ్చి గట్టు మీద రెక్కలు ఆరబెట్టుకునేది నీటికాకి.

సైబీరియా మాట

గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులకు ఏటా వేల పక్షులు వస్తాయి. నీటి మధ్య ఉన్న చెట్లమీద గూళ్ళు కడతాయి. అక్కడివారు ఆ పక్షులను కాపాడుకుంటున్న తీరు మన రెండు జిల్లాలకూ గర్వకారణం. కాని చూడబోయినవారు ‘సైబీరియా పక్షులు’ అని చెప్పుకుంటూ తిరిగివస్తున్నారు. పత్రికలవాళ్ళమూ అలాగే రాశాము. నిజానికి అక్కడ గూడు పెట్టే గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ, నత్తగుల్ల కొంగ మన దేశపు పక్షులే. పరాయి దేశంనుంచి వచ్చి నాలుగు నెలలుండి పోయేవి కావు. మన చెట్లు కొట్టివేస్తే, మన చెరువులు పూడ్చివేస్తే వాటికి పోవడానికి సైబీరియా లేదు. పేరు తెలియకపోవడం వల్ల వచ్చే నష్టం ఇలా కూడా ఉంటుంది.

రైతుకు ఏమి లాభం?

‘‘పేర్లు తెలుసుకుంటే మా రొయ్యలు మిగులుతాయా?’’ అని రేపల్లె వైపు రైతు ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. అప్పుచేసి చెరువు వేసిన మనిషి కష్టాన్ని కాదనడానికి లేదు. నీటికాకుల గుంపు దిగితే చెరువుకు నష్టమే. చిలువలు వరిగింజ తినే మాటా నిజమే. అయితే చెరువు మీద కట్టిన వలలో చిక్కి చచ్చేవి నీటికాకులే కాదు. బొల్లికోడి తినేది ఎక్కువగా నాచూ, నీటిమొక్కలూ. నత్తగుల్ల కొంగ ముక్కు మధ్య సందు ఉంటుంది, దాని తిండి ముఖ్యంగా నత్తలు. రొయ్యకు కీడు చేయని పిట్టను చంపి రైతు బాగుపడేది లేదు. దొంగ ఎవరో తెలియనప్పుడు ఊరందరినీ కొట్టినట్టు ఉంటుంది. ఏ పక్షి ఏ వేళకు వస్తున్నదో గుర్తుపట్టిన రైతు ఆ వేళకే మనిషిని పెట్టుకుని అదిలించవచ్చు.

మరో సంగతి ఉన్నది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ళఫారాలలో బర్డ్‌ఫ్లూ వచ్చింది. నీటిపక్షులు, బాతులు పైకి జబ్బు కనిపించకుండానే ఆ క్రిమిని మోయగలవు. అడవిబాతును పట్టితెచ్చి ఇంటి కోళ్ళలో కలపడం మన కొంపకే ముప్పు. చచ్చిన పక్షి కనిపిస్తే ఉత్త చేతులతో ముట్టకుండా పశువుల డాక్టరుకు తెలపాలి.

చేయవలసినది

ఇందుకు పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. 1987 నుంచి ఆసియా దేశాలలో ఏటా జనవరిలో నీటిపక్షులను లెక్కిస్తున్నారు. ఆ నెలలో ఒక ఆదివారం ప్రతి హైస్కూలువారూ పిల్లలను దగ్గరలోని చెరువుగట్టుకు తీసుకుపోవచ్చు. పంచాయతీలు చెరువు దగ్గర పది పక్షుల బొమ్మలు, వాటి తెలుగు పేర్లు ఉన్న బోర్డు పెట్టించవచ్చు. సంతలలో రెక్కలు కోసిన పిట్టలు అమ్ముడు కాకుండా అటవీశాఖవారు పండుగ రోజులలోనైనా నిఘా పెట్టాలి. కొనేవారు లేకపోతే పట్టేవారూ ఉండరు కనుక మొదటి బాధ్యత మనదే.

నాకు ఇప్పటికి గుర్తుపట్టడం వచ్చినవి ముప్పై లోపే. గట్టు మీద నిలబడి తప్పు చెబుతుంటాను, పశువులు కాసే కుర్రాళ్ళు నవ్వి దిద్దుతుంటారు. మొన్న రాత్రి మేడమీద పడుకుని ఉండగా ఈల వినిపించింది. మా అబ్బాయి లేచి కూర్చుని ‘‘నాన్నా, చిలువలు’’ అన్నాడు. మా పెరట్లో చచ్చిపోయిన పిట్ట పేరు వాడు మరచిపోలేదు.