లేఅవుట్‌కి అప్రూవల్ ఉందట. మరి కొనేదెవరు?

 

ఏజెన్సీలో ప్లాట్ల బోర్డు కనిపిస్తే మనవాళ్లు మొదట అడిగేది "అప్రూవల్ ఉందా?" అని. వాళ్లు వెంటనే కాగితం తీసి చూపిస్తారు. మనవాళ్ల నోరు మూతపడుతుంది. ఆ ప్రశ్న వాళ్లకి చాలా ఇష్టం!

లేఅవుట్ అప్రూవల్‌లో చూసేది ఏంటి? రోడ్డు ఎన్ని అడుగులు, కాలవ ఎటు పోతుంది, పార్కుకి ఎంత జాగా వదిలారు. అంతే. ప్లాను బాగుందని ఆ కాగితం చెప్తుంది గానీ, ఆ భూమి ఎవరికి అమ్మొచ్చో చెప్పదు. అది హక్కు పత్రం కాదు.

ఇక్కడ 1/70 ఉంది. 1959 నాటి భూ బదలాయింపు రెగ్యులేషన్‌ని 1970లో సవరించాక, షెడ్యూల్డ్ ఏరియాలో భూమి గిరిజనేతరుడికి బదిలీ చేస్తే చెల్లదు. అమ్మేది గిరిజనుడైనా, గిరిజనేతరుడైనా ఒకటే. ఈ రెండో ముక్క మనలో చాలామందికి తెలీదు. "మా తాతల నాటి పట్టా, మా ఇష్టం" అని షావుకారు ఇంకో షావుకారుకి అమ్మడానికి లేదు. ఈ చట్టం చెల్లుతుందని 1988లోనే పి.రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది.

ఇప్పుడు లెక్క వేయండి. పెద్ద గేటు, సిమెంటు రోడ్లు, కొండ కనిపించే ప్లాటుకి ఎక్స్‌ట్రా రేటు. ప్రచారమంతా పట్నం వాళ్ల వాట్సాప్‌లో. చట్టప్రకారం కొనగలిగేది మనం, మన గుమ్మంలోకి మాత్రం ఒక్క బ్రోచర్ రాదు. మరి ఎవరి కోసం వేసినట్టు?

జవాబు మనకి తెలుసు, చెప్పుకోడానికే సిగ్గు. పేరు మనవాడిది, డబ్బు వాళ్లది, మధ్యలో ఒక అగ్రిమెంటు. ఆ పేరు ఒక్కోసారి మన చుట్టానిదే. రేపు కేసు పడితే కోర్టు మెట్లెక్కేది కూడా ఆ చుట్టమే.

"అయితే మనం బాగుపడొద్దా?" అంటారు కొందరు. లేఅవుట్లే వద్దని ఎవరన్నారు? పాడేరులో, ఉట్నూరులో మన టీచర్లకి, నర్సులకి ఇళ్ల స్థలాలు కావాలి. గ్రామసభ ముందు పెట్టి, మనవాళ్లకే ఇచ్చేలా వేస్తే హద్దురాళ్లు పాతడానికి నేనే వస్తా.

నా కోపం అప్రూవల్ ఇచ్చే వ్యవస్థ మీద. "టైటిల్ మా పని కాదు" అని ఒక ఆఫీసు, "ప్లాను ఉంది కదా" అని ఇంకోటి. మైదానంలో ఆ మాట నడుస్తుందేమో. ఏజెన్సీలో అడగాల్సిన మొదటి ప్రశ్నే అది. ఫైలులో పైన ఉండాల్సింది 1/70 విచారణ రిపోర్టు, దాని కింద గ్రామసభ తీర్మానం, ఆ తర్వాతే రోడ్ల వెడల్పు. భూమి చేజారకుండా ఆపే అధికారం, అక్రమంగా పోయింది వెనక్కి తెచ్చే అధికారం గ్రామసభకి, పంచాయతీకి ఉండాలని 1996 పెసా చట్టమే చెప్పింది.

మీ ఊళ్లో బోర్డు లేస్తే ఆర్టీఐ పెట్టండి. దరఖాస్తు ఎవరిది, సర్వే నంబర్లు ఏవి, పట్టాదారు ఎవరు, తీర్మానం ఏ తేదీది, అన్నీ అడగండి. తేడా కనిపిస్తే గిరిజన సంక్షేమం స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర ఎల్‌టీఆర్ పిటిషన్ వేయండి. గ్రామసభ సంతకాల విషయంలో మాత్రం జిరాక్స్ చూసి వచ్చేయకండి, అసలు రిజిస్టరే తీయమనండి.