కోయ అనేది మా పేరు, తిట్టు కాదు

మొన్న ఇంటర్ కాలేజ్ కబడ్డీలో మా హాస్టల్ పిల్లలం ఐదుగురం ఆడాం. డిఫెన్స్‌లో కోయలోనే పిలుచుకుంటాం, అవతలోళ్లకి అర్థం కాదు కదా. అదే వాళ్లకి ఆటైపోయింది. కోర్టు చుట్టూ నిలబడి మా మాటల్ని వెక్కిరించారు, ఒకడు కోతిలా అరిచాడు. "కోయోళ్లూ, అడవికి పోండ్రా" అన్నారు. (పోతాం, సెలవులకి. అమ్మ అక్కడే ఉంది.) రెండో హాఫ్‌లో తెలీకుండానే కోయ మాట్లాడటం మానేశాం. చైన్ తెగిపోయింది, ఓడిపోయాం. ఓటమి కంటే, నోట్లో మాట అలా ఆగిపోవడమే ఇంకా గుచ్చుతోంది.

పీడీ సార్ "జనం అన్నాక అరుస్తారు, వదిలేయండి" అన్నారు. మేం ఒప్పుకోం. ఆటగాడు తప్పు చేస్తే రిఫరీ కార్డు చూపిస్తాడు, జనానికి ఏం చూపిస్తాడు? ఫుట్‌బాల్‌లో ఫిఫా పద్ధతి ఉంది: ముందు ఆట ఆపి మైకులో హెచ్చరిస్తారు, మళ్లీ అరిస్తే జట్లను కాసేపు బయటికి పంపుతారు, అప్పటికీ ఆగకపోతే మ్యాచ్ రద్దు. మన కాలేజీ ఆటల్లోనూ అది పెట్టాలి. 1989 అట్రాసిటీ చట్టం ప్రకారం ఆదివాసీని నలుగురిలో కావాలని అవమానిస్తే నేరమే. కానీ కేసులంటూ తిరగడానికి మాకు సెమిస్టర్ పరీక్షలున్నాయి. ముందు మ్యాచ్ ఆపండి.

సోమవారం ప్రిన్సిపాల్‌కి లెటర్ ఇస్తున్నాం. మీకూ ఇలా జరిగుంటే కింద రాయండి, అదీ కలుపుతాం.